ఇమాన్యుయేల్ లాస్కరు : పోరాడక సంధి యొల్లని చదరంగ వీరుడు

రాజనీతి చెప్పిన పెద్దలు సంధి, విగ్రహము, యానము, ఆసనము, ద్వైధీభావము, సమాశ్రయము అని ఆరు గుణములను లెక్కించిరి. వానిలో సంధిని మొదట పేర్కొనుటకు కారణము లేకపోలేదు. రాజులు పోరినచో చచ్చునది సైనికులు, మాడునది పంటచేలు, ఏడ్చునది తల్లులు. 1757లో బొబ్బిలి కోట కూలిన కథను విని కన్నీరు పెట్టని ఇల్లు మన సీమలో లేదు. కావుననే శ్రీకృష్ణుడంతటివాడు రాయబారియై కౌరవసభకు నడచెను. అయితే చదరంగపు బల్లమీద రక్తము చిందదు. నేలగూలిన కొయ్యబంటు మరుసటి ఆటకు మరల లేచి నిలుచును. అట్టి యుద్ధమున, పోరు మొదలిడకముందే ఇరువురును చేతులు కలిపి లేచిపోవుట దయయా, భయమా, లేక బేరమా? ఈ ప్రశ్న చదరంగ లోకమును నూరేండ్లకు పైగా వేధించుచున్నది. దీనికి తన జీవితమునే సమాధానముగా నిలిపినవాడు ఇమాన్యుయేల్ లాస్కరు. అతడు 1894 మొదలు 1921 వరకు 27 ఏండ్లు ప్రపంచ చదరంగ విజేతగా నుండెను. అంతకాలము ఆ సింహాసనమును నిలుపుకొన్నవాడు నేటివరకు మరియొకడు లేడు.

సంధి యెట్లు పుట్టును?

ఆ మహనీయుని కథకు పూర్వము ఒక సంగతి తెలిసికొనవలెను. చదరంగమున ఒకరు గెలిచి యొకరు ఓడుటయే కాక, ఇరువురును సరియగుట కూడ కలదు. దీనిని డ్రా యందురు. పెద్ద పోటీలలో గెలిచినవానికి 1 పాయింటు, ఓడినవానికి సున్న, డ్రా యైనచో చెరి సగము. ఆటకట్టుటకు చాలిన బలము ఇరువురకును మిగులకున్నను, ఒకే స్థితి మూడుమారులు వచ్చినను, రాజునకు ముప్పు లేకయే వేయుటకు ఎత్తు లేకపోయినను ఆట డ్రా యగును. ఇవి ఆటలోనుండి పుట్టు డ్రాలు. నాల్గవది మాటలోనుండి పుట్టునది. ఒకడు డ్రాకు సమ్మతమా యని అడుగును, రెండవవాడు సరే యనును, ఆట ముగియును.

ఈ నాల్గవదానిలోనే చిక్కున్నది. ఇరువదిమంది పాల్గొను పోటీలో ఇద్దరు బలవంతులు పది పన్నెండు ఎత్తులు వేసి, చెరి సగము పంచుకొని, ఆ దినము విశ్రాంతి గైకొని, మరునాడు బలహీనులపై విజృంభింపవచ్చును. వారికది లాభము. నిజాయితీగా ఐదారు గంటలు పోరాడి అలసిన మూడవవానికి నష్టము. ధనమిచ్చి చూడవచ్చినవారికి ఆశాభంగము. గయోపాఖ్యాన నాటకము చూచుటకు బండ్లు కట్టుకొని పొరుగూళ్లనుండి వచ్చిన జనమునకు, కృష్ణార్జునులు తలపడు ఘట్టము రాగానే తెర దించి, వారిరువురును లోపల సమాధానపడిరని చెప్పినచో ఎట్లుండును? చదరంగమునందును అట్లే.

అట్లని డ్రా యెల్ల నీచమని చెప్పరాదు. ఓటమి తప్పదనుకొన్న స్థితినుండి ప్రాణములొడ్డి సాధించిన డ్రా ఒక్కొక్కప్పుడు గెలుపుకంటె ఘనమైనది. లాస్కరు జీవితమున ఈ రెండు విధములును కనబడును.

బాల్యము, విద్యాభ్యాసము

ఇమాన్యుయేల్ లాస్కరు 1868వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ప్రష్యాదేశమందలి బెర్లిన్షెను అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ ఊరు నేడు పోలండు దేశమున చేరి బార్లినెక్ అను పేర పిలువబడుచున్నది. తండ్రి యూదుల ప్రార్థనాలయమున గాయకుడు. ఇంట భక్తికి కొదవ లేదు గాని ధనమునకు కొదవ కలదు. బాలుని తెలివిని గమనించిన తలిదండ్రులు అతనిని 11 ఏండ్ల ప్రాయమున బెర్లిను నగరమునకు చదువునకై పంపిరి. అచ్చట వైద్యవిద్య నభ్యసించుచుండిన అన్న బెర్తోల్డు చెంత అతడు నివసించెను. చదరంగమున ఓనమాలు దిద్దించిన గురువును ఆ అన్నయే.

అన్నదమ్ముల భోజనమునకు ఇంటినుండి వచ్చు సొమ్ము చాలకుండెను. బెర్లినులో కాఫీశాలలు చదరంగమునకు నెలవులు. అచ్చట చిల్లర పందెములకు ఆట లాడి లాస్కరు దినవెచ్చము గడుపుకొనెను. పందెము సొమ్ము రాకున్న రాత్రి ఆకలి. ఆ కాఫీశాలలో ఊరక సంధి చేసికొన్నవానికి ఏమియు దక్కదు. గెలిచినవాడే భుజించును. అతని ఆటకు పదును పెట్టిన మొదటి సానరాయి అదియే యనవచ్చును.

1889లో బ్రెస్లా నగరమున జరిగిన పోటీలో గెలుపొంది లాస్కరు చదరంగ ఉద్దండుల పంక్తిలో చేరెను. ఆ యేడే ఆంస్టర్డాములో బవరు అను ఆటగానిపై ఆడిన ఆటలో తన శకటులను రెంటిని వరుసగా బలియిచ్చి, ప్రత్యర్థి రాజు చుట్టునున్న ప్రాకారమును కూల్చి గెలిచెను. ఆ ఆటను నేటికిని అభ్యాసకులకు పాఠముగా చెప్పుచున్నారు. 1893లో న్యూయార్కు పోటీయందు 13 ఆటలాడి 13నూ గెలిచెను. ఒక్క డ్రా యైనను లేని గెలుపది.

చదరంగముతోపాటు గణితశాస్త్రమును విడువలేదు. ఎర్లాంగెను విశ్వవిద్యాలయము అతనికి డాక్టరు పట్టము నిచ్చెను. 1905లో అతడు ప్రకటించిన బీజగణిత సిద్ధాంతమొకటి తరువాత ఎమ్మీ నోయెథర్ అను మహాగణితజ్ఞురాలిచే విస్తరింపబడి, నేటికిని వారిరువురి పేర వ్యవహారమున నున్నది. ఆట వలన చదువు చెడునని పిల్లలను గద్దించు పెద్దలకు ఈతని చరిత్ర చూపదగినది.

సింహాసనారోహణము

ఆ కాలమున చదరంగ చక్రవర్తి విల్హెల్ము స్టైనిట్జు. పూర్వులు ఉద్రేకముతో ఆడిన ఆటను శాస్త్రముగా మార్చినవాడతడు. 1894 మార్చి 15వ తేదీన న్యూయార్కులో అతనికిని లాస్కరునకును ద్వంద్వపోటీ ఆరంభమై, ఫిలడెల్ఫియాలో సాగి, మాంట్రియలులో ముగిసెను. స్టైనిట్జు 58వ ఏట నుండెను. లాస్కరునకు 25 ఏండ్లు. మొదటి ఆరు ఆటలలో ఇరువురును సరిసమానముగా నుండిరి. ఏడవ ఆటనుండి వరుసగా ఐదింటిని లాస్కరు గెలిచెను. కడకు 19 ఆటలలో లాస్కరు 10, స్టైనిట్జు 5 గెలిచిరి. డ్రాలు నాలుగు మాత్రమే. ఎత్తుకు పైయెత్తు అను మాటకు అర్థము ఆ పోటీలో కనబడెను.

కొందరు పెద్దలు లాస్కరు విజయమును తేలికగా చూచిరి. వృద్ధుని ఓడించుట ఏమి ఘనత యని పెదవి విరిచిరి. అతడు వాదమునకు దిగలేదు. 1896లో సెంట్ పీటర్సుబర్గు, నూరెంబర్గు పోటీలయందు ప్రథముడయ్యెను. 1896-97లో మాస్కోలో స్టైనిట్జుతో మరల తలపడి 10 గెలిచి 2 ఓడెను. 1899లో లండనులో రెండవ స్థానమువారికంటె నాలుగున్నర పాయింట్లు మిగిలి గెలిచెను. 1900లో పారిసులోను అట్లే గెలిచెను. ఆ తరువాత పెదవి విరిచినవారు మిన్నకుండిరి.

అతని ఆటలోని మర్మమేమని పలువురు విచారించిరి. స్టైనిట్జు పుస్తకమున ఏది ఉత్తమమైన ఎత్తు యని వెదకువాడు. లాస్కరు ఎదుట కూర్చున్న మనుష్యునికి ఏది కష్టమైన ఎత్తు యని వెదకువాడు. స్థితి చెడినప్పుడు బెదరక, ఆటను మరింత చిక్కుగా చేసి, శత్రువు ప్రతి అడుగునందును క్రొత్త గండమును దాటవలసినట్లు చేయును. ఓడిపోవుచున్నవాడు కృంగి త్వరపడును. గెలుచుచున్నవాడు గర్వించి త్వరపడును. లాస్కరు ఈ రెండు త్వరలను జయించినవాడు. 1907లో అతడు పోరాటము అను అర్థము వచ్చు పేరుతో ఒక తత్త్వగ్రంథమును రచించి, చదరంగమునందు కనుగొన్న సూత్రములు జీవితమునకెల్ల వర్తించునని ప్రతిపాదించెను.

కూటి చింత, లోకనింద

లాస్కరును నిందించినవారును కలరు. ఆ నిందను దాచుట చరిత్రకు న్యాయము కాదు. అతడు ఆడుటకు అధిక పారితోషికము అడుగుననియు, నియమములు కఠినముగా పెట్టుననియు, ప్రపంచ విజేత పదవికై జరుగవలసిన పోటీలను వాయిదా వేయుననియు అనిరి. 1897 మొదలు 1907 వరకు పదేండ్లు అట్టి పోటీ యొకటియు జరుగని మాట నిజము. బల్లయెదుట ఏనాడును వెనుకంజ వేయని వీరుడు, బల్లను చేరుటకు మాత్రము జాగు చేసెనని విమర్శకులు పలికిరి.

అయితే రెండవ పక్షమును వినవలెను. చదరంగమునకు శాస్త్రత్వము కల్పించిన స్టైనిట్జు 1900 ఆగస్టులో న్యూయార్కులో మతి చలించి, చేతిలో కాసు లేక మరణించెను. ఆ మరణము లాస్కరు మనస్సున ముల్లువలె నిలిచెను. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోయి, నెలలకొలది మెదడు కరగించి ఆడినవానికి చప్పట్లు మాత్రమే యిచ్చి పంపు లోకమును అతడు సహింపలేదు. కూలి గిట్టనివాడు పూర్తి పని చేయడు. అర్ధాకలితో నున్న ఆటగాడు సగము పాయింటునకు సంతసించి సంధికి చేయి చాచును. కావున చిన్న చిన్న డ్రాలకు మూలము పిరికితనము ఒక్కటే కాదు, పేదరికము కూడ. ఆటగానికి గౌరవమైన ప్రతిఫలము ఉండవలెనని లాస్కరు పట్టుపట్టుట వలన తరువాతివారు లాభము పొందిరి.

1907లో మార్షలుతో జరిగిన పోటీలో లాస్కరు 8 గెలిచి, 7 డ్రా చేసి, ఒక్కటియు ఓడలేదు. 1908లో టారాషు అను జర్మను పండితునిపై 8 గెలిచి, 3 ఓడి, 5 డ్రా చేసెను. పోరుటకు వెనుదీయుచున్నాడను నింద అంతటితో సద్దుమణిగెను.

సంధిప్రియునితో సమరము

1910వ సంవత్సరమున లాస్కరు ఎదుట కూర్చున్నవాడు వియన్నావాసియగు కార్లు ష్లెక్టరు. చదరంగ చరిత్రయందు ఇంతకంటె సాధువైన ఆటగాడు కనబడడు. ఎదుటివాడు డ్రా అడిగినచో కాదనుటకు అతని నోరు రాదు. కావుననే లోకము అతనికి డ్రాల రాజు అను పేరు పెట్టెను. అయితే అతని ఆట బలహీనమైనది కాదు. అతనిని ఓడించుట ఎంతటివానికిని కష్టము.

ఆ పోటీ పది ఆటలకు మాత్రమే నిర్ణయింపబడి, జనవరి 7వ తేదీన వియన్నాలో ఆరంభమై బెర్లినులో ముగిసెను. మొదటి నాలుగు ఆటలు డ్రాలు. ఐదవ ఆటలో లాస్కరు మేలైన స్థితియందుండి పొరపడగా ష్లెక్టరు గెలిచెను. ఆరు మొదలు తొమ్మిది వరకు మరల డ్రాలు. పదవ ఆట మిగిలెను. ష్లెక్టరు ఒక పాయింటు ముందున్నాడు. ఆ ఆట డ్రా యైనచో పోటీ అతనిదే. 16 ఏండ్లుగా లాస్కరు నిలుపుకొన్న కిరీటము ఒక్క ఆటమీద ఆధారపడెను.

డ్రాల రాజునకు కావలసినది ఒక్క డ్రా. లోకమంతయు అతడు కోటగోడలు మూసికొని కూర్చుండునని తలచెను. అతడట్లు చేయలేదు. ఆ దినమున ష్లెక్టరు గెలుపునకై దూకెను. ఆట ఫిబ్రవరి 8 మొదలు 10 వరకు, నడుమ నిలుపుచు, మూడు దినములు సాగెను. ఒక ఘట్టమున అతనికి గెలుపు చేతికందునంత దూరమున నుండెననియు, అటుపిమ్మట డ్రాకును మార్గము కలదనియు తరువాతి పరిశీలకులు చూపిరి. రెండును జారిపోయినవి. లాస్కరు తన రాజును బట్టబయట నడిపించుచు, గాయపడిన సైన్యమును కూడగట్టుకొని, 71వ ఎత్తున గెలిచెను. ఒక్కొక్క గెలుపు, ఎనిమిది డ్రాలతో పోటీ సరియయ్యెను. కిరీటము లాస్కరునకే మిగిలెను.

ష్లెక్టరు ఏల అట్లాడెను? కిరీటము దక్కుటకు రెండు పాయింట్ల ఆధిక్యము కావలెనను నియమమొకటి ఉండెనని కొందరందురు. అట్టిది లేదని కొందరు వాదింతురు. చరిత్రకారులలో నేటికిని ఏకాభిప్రాయము కుదరలేదు. నియమము ఉన్నను లేకున్నను ఆ ఆట ష్లెక్టరు కీర్తికి కళంకము తేలేదు, వన్నె తెచ్చెను. అన్ని డ్రాలకంటె ఆ ఓటమియే అతనిని చిరంజీవిని చేసెను. పాపము, ఆ సాధుపురుషుడు మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన నెలన్నరకు, 1918 డిసెంబరు 27వ తేదీన బుడాపెస్టులో కరవుకాలపు లేమిచే కృశించి కన్నుమూసెను. వయస్సు 44 ఏండ్లు. ఆటగాని కూటికై లాస్కరు పడిన చింత వట్టిది కాదని ఆ మరణము సాక్ష్యమిచ్చెను.

సెంట్ పీటర్సుబర్గు ఘట్టము

1914 ఏప్రిలు, మే మాసములలో రష్యా రాజధానియందు మహాపోటీ జరిగెను. పదునొకండుగురు మొదట ఆడగా, మొదటి ఐదుగురు తుది పోరునకు మిగిలిరి. క్యూబాదేశపు యువకుడు కాపబ్లాంకా మొదటి భాగమున 8 పాయింట్లు తెచ్చుకొని ముందుండెను. లాస్కరునకు ఆరున్నర. ఆ పాయింట్లు తుదివరకు లెక్కకు వచ్చును. కాపబ్లాంకాకు 25 ఏండ్లు. అతనిని ఓడించుట మానవసాధ్యము కాదని జనులు చెప్పుకొనుచుండిరి. లాస్కరునకు 45 ఏండ్లు.

తుది పోరున లాస్కరు ఒక్కొక్కరిని జయించుచు దూరము తగ్గించెను. మే 18వ తేదీన కాపబ్లాంకాతో రెండవమారు తలపడవలసి వచ్చెను. డ్రా యైనచో కాపబ్లాంకాకు క్షేమము. లాస్కరునకు గెలుపు తప్ప వేరు దారి లేదు. అట్టి వేళ భీకరమైన ఎత్తుగడతో దూకునని అందరును ఎదురుచూచిరి. లాస్కరు విచిత్రముగా, మంత్రులు ఆదిలోనే మారిపోవు శాంతమైన పద్ధతిని ఎన్నుకొనెను. అది డ్రాలకు పేరుపడిన పద్ధతి. చూపరులు నివ్వెరపోయిరి. ముసలి సింహము అలసి సంధి కోరుచున్నదని కొందరు భావించిరి.

కాపబ్లాంకా కూడ అట్లే భావించి కాబోలు, తొందర లేక ఆడెను. అచ్చటనే లాస్కరు ఉపాయమున్నది. ఆ పద్ధతిలో నల్లపావుల వానికి శకటులు రెండును మిగులును. వానిని చురుకుగా వాడిననే అతనికి మేలు. కదలక కూర్చున్నవానికి కీడు. లాస్కరు ఒక బంటును ముందునకు త్రోసి, కాపబ్లాంకా పావులకు తావు లేకుండ చేసి, తన గుర్రమును శత్రుశిబిరపు నడిబొడ్డున, ఎవ్వరును కదల్పలేని గడిలో నిలిపెను. ఇంటి నడుమ స్తంభమువలె అది నిలువగా ఏనుగులకు దారి మూసికొనిపోయెను. 42వ ఎత్తున కాపబ్లాంకా ఓటమి నొప్పుకొనెను. సభాభవనము చప్పట్లతో మారుమ్రోగెను. మరునాడు ఆ దెబ్బ తాకిడి మానకయే కాపబ్లాంకా టారాషు చేతిలోను ఓడెను.

తుదకు లాస్కరునకు పదమూడున్నర, కాపబ్లాంకాకు 13 పాయింట్లు. సగము పాయింటు ఎంతటిదో ఆ లెక్క చెప్పుచున్నది. దానిని పోరాడి గెలిచినవానికి అది రాజ్యము. సులువుగా పంచుకొనువానికి అది చిల్లర.

ఓటమి, పునరుత్థానము

పోటీ ముగిసిన పదివారములకు యూరపు ఖండము రణరంగమయ్యెను. లాస్కరు తన కూడబెట్టిన ధనమును జర్మను ప్రభుత్వపు యుద్ధఋణ పత్రములలో నుంచి పోగొట్టుకొనెను. 1911లో తాను వివాహమాడిన మార్తాతో కూడి కష్టకాలము గడపెను. 1921లో క్యూబా రాజధాని హవానాలో కాపబ్లాంకాతో కిరీటమునకై ఆడెను. 14 ఆటలలో ఒక్కటియు గెలువలేదు. నాలుగు ఓడి, పది డ్రా చేసి, మిగిలిన ఆటలు ఆడకయే ఓటమి నొప్పుకొనెను. ఉష్ణదేశపు వేడియు, వయస్సును అతనిని బాధించినవి. అయినను నూతన విజేత గొప్పతనమును అతడు తక్కువ చేసి చూపలేదు.

లాస్కరు కథ ముగిసినదని లోకము తలచెను. మూడేండ్లకు, 1924లో న్యూయార్కులో, ఆనాటి మేటి వీరులందరును కూడిన పోటీ జరిగెను. 55 ఏండ్ల లాస్కరు 20 ఆటలలో 13 గెలిచి, 6 డ్రా చేసి, ఒక్కటి మాత్రమే ఓడి, 16 పాయింట్లతో ప్రథముడయ్యెను. కాపబ్లాంకాకు పదునాలుగున్నర, అలెఖైనునకు 12.

ఆ ఆరు డ్రాలలో ఒకదానిని చెప్పక తీరదు. దూరపు బంధువగు ఎడ్వర్డు లాస్కరు అను ఆటగానితో ఆడునప్పుడు వృద్ధవీరుని స్థితి చెడెను. తుదకు ఎదుటివానికి ఏనుగును బంటును మిగులగా, ఇతనికి రాజు తోడు గుర్రము ఒక్కటియే మిగిలెను. మరియొకడైనచో ఓటమి నొప్పుకొని లేచిపోవును. లాస్కరు లేవలేదు. ఒంటి గుర్రముతో బంటు దారిని కాచుచు, గడిగడికిని కాపురముండి, 103 ఎత్తుల వరకు పోరాడి డ్రా సాధించెను. ఏనుగును బంటును గుర్రము నిలువరింపగలదని పండితులకు అంతవరకు తోచలేదు. పన్నెండవ ఎత్తున చేతులు కలుపు డ్రాకును, 103వ ఎత్తున దక్కిన ఈ డ్రాకును పట్టికలో అంకె యొక్కటే. విలువలో భూమ్యాకాశముల భేదము.

ప్రవాసము, నిర్యాణము

1933లో జర్మనీ హిట్లరు చేతిలో పడగా యూదులకు దుర్దినములు వచ్చినవి. లాస్కరు దంపతులు దేశము విడిచిరి. వారి యిల్లు వాకిలి ప్రభుత్వమువారు లాగుకొనిరి. చదరంగమును విడిచి శాంతముగా బ్రదుకదలచిన వృద్ధుడు 65 ఏండ్లు దాటిన పిమ్మట కూటికై మరల బల్లముందు కూర్చుండవలసి వచ్చెను.

1935లో మాస్కోలో 20 మంది పాల్గొనిన పోటీయందు బాట్విన్నిక్కును ఫ్లోరును 13 పాయింట్లతో మొదటి స్థానము పంచుకొనిరి. పన్నెండున్నరతో మూడవవాడు లాస్కరు. వయస్సు 66. 19 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. తనకంటె ఇరువదేండ్లు చిన్నవాడగు కాపబ్లాంకాను ఓడించి, ఒక స్థానము వెనుకకు నెట్టెను. ఆ వయస్సున మొదటి వరుస పోటీలో ఇంతటి ఫలితము మరియొకరికి దక్కినట్లు కనబడదు. భీష్ముడు ముదిమియందు రథమెక్కి పదిదినములు పోరాడిన చందమున, తెల్లని జుట్టుతో, నోట చుట్టతో, అతడు యువకుల నడుమ కూర్చుండెను.

కొంతకాలము మాస్కోలో నుండి, 1937లో అమెరికా చేరెను. బెర్లినులో అతనితో మాటలాడుచు నడకలు సాగించిన మిత్రుడు ఆల్బర్టు ఐన్‌స్టీను. లాస్కరు మరణానంతరము వెలువడిన జీవితచరిత్రకు ఆ మహాశాస్త్రజ్ఞుడే పీఠిక వ్రాసెను. 1941 జనవరి 11వ తేదీన న్యూయార్కు వైద్యశాలయందు లాస్కరు తనువు చాలించెను. మరుసటి యేడు మార్తా కూడ భర్త ననుసరించెను.

లాస్కరు తరువాత

లాస్కరు గతించినను ప్రశ్న గతింపలేదు. అతని జీవితకాలముననే, 1927లో బ్యూనస్ ఎయిరీసులో అలెఖైను, కాపబ్లాంకాలు ఆడిన 34 ఆటలలో 25 డ్రాలు. చదరంగము డ్రాలచే చచ్చిపోవునని అప్పుడే కొందరు భయపడిరి. 1962లో కురసావు ద్వీపమున సోవియట్ వీరులగు పెట్రోసియను, కేరెసు, గెల్లరు తమలో తాము ఆడిన 12 ఆటలును డ్రా చేసికొనిరి. వారు కూడబలుకుకొనిరని అమెరికను యువకుడు ఫిషరు గొంతెత్తి ఆరోపింపగా, ప్రపంచ సంఘమువారు ఆ ఎంపిక పద్ధతినే మార్చి, ఇద్దరిద్దరు తలపడు పోటీలను ప్రవేశపెట్టిరి. 1984-85లో కార్పోవు, కాస్పరోవుల పోటీ 48 ఆటలు, 40 డ్రాలతో తేలకయే నిలిపివేయబడెను. 2005లో బల్గేరియా రాజధాని సోఫియాలో ఇరువురు తమలో తాము మాటలాడి డ్రా చేసికొనరాదను నియమమును పెట్టిరి. అటుపిమ్మట పెక్కు పోటీలలో అట్టి నియమములు వచ్చినవి.

నియమము బలవంతపు పోరును తేగలదు గాని పోరాటబుద్ధిని తేలేదు. నియమమును దాటదలచినవారు ఒకే స్థితిని మూడుమారులు తెచ్చి, మాట లేకయే సంధి చేసికొనగలరు. ఉత్తరకుమారుని రథముపై కూర్చుండబెట్టవచ్చును. గోగ్రహణవేళ కౌరవసేనను చూచి దిగి పరుగెత్తకుండ అతనిని నిలుపుటకు బృహన్నల వంటి గురువు కావలెను. ఆ గురుత్వము లాస్కరు వంటివారి జీవితములయందున్నది.

అతడు నేర్పినది దుడుకుతనము కాదు. హవానాలో పది డ్రాలు చేసినవాడును అతడే. డ్రా యే నిజమైనచో దానిని గైకొనెను. నిజమేదో తెలియకముందే గైకొనలేదు. ఈ వివేకమే అతని జీవితసారము.

తెలుగునాట అరుగులమీద చదరంగము, పులిజూదము ఆడిన తరములు గడచి, నేడు మన పిల్లలు ప్రపంచపు బల్లలయెదుట కూర్చుండు కాలము వచ్చినది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేతయయ్యెను. మొదటిది లాస్కరు ముదిమియందు పోరాడిన నగరము, రెండవది అతడు కన్నుమూసిన నగరము. ఆ 2024 డిసెంబరుననే, ఆ న్యూయార్కులోనే, బ్లిట్జు పోటీ తుది ఘట్టమున కార్ల్‌సను, నెపోమ్నియాష్చి అను ఇద్దరు మేటి వీరులు వరుస డ్రాల పిమ్మట కిరీటమును పంచుకొందుమని కోరగా సంఘమువారు సమ్మతించిరి. లోకము దానిని మెచ్చినదియు కలదు, నొచ్చినదియు కలదు. నూరేండ్లనాటి ప్రశ్న ఇంకను బల్లమీదనే యున్నది.

గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు చదరంగపు పావులు పరచునప్పుడు ఈ వృద్ధవీరుని స్మరింతురు గాక. ఓడుటలో తప్పు లేదు, సరియగుటలో సిగ్గు లేదు. చేతనున్న ఎత్తు వేయకయే లేచిపోవుట మాత్రము తగదు. చదువునందైనను, సేద్యమునందైనను, ఆటయందైనను, కడపటి గుర్రము మిగిలియున్నంతవరకు బల్లను విడువని పట్టుదల మన పిల్లలకు అలవడుగాక.